బోరుబావిలో మోటబొక్కెన: క్రొత్త కంప్యూటరుకు పాత విండోస్

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు పట్టణములలో డి.టి.పి. పని చేయువారిలో కొందరికి ఒక విచిత్రమైన అలవాటు కలదు. పాత కంప్యూటరు చెడిపోయినచో క్రొత్తది కొందురు. కాని దానితో వచ్చిన క్రొత్త విండోసును మొదటి దినముననే తుడిచివేసి, 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పినో, 2009లో వెలువడిన విండోస్ 7నో దానిలో ఎక్కింప జూతురు. పెండ్లిపత్రికలు, కరపత్రములు, బడి ప్రశ్నపత్రములు, వార్షికోత్సవ సంచికలు ఇట్టివారి చేతిమీదుగనే వచ్చుచుండును గనుక, ఈ అలవాటు ఉపాధ్యాయులకును విద్యార్థులకును సంబంధించినదే. దీనిని చూచి నవ్వువారు కొందరు. "పాతదే మేలు" అని సమర్థించువారు కొందరు. ఈ ఇరువురి మాటయు సరికాదని నా అభిప్రాయము.

ఎందుకు ఎక్కదు?

ఆపరేటింగ్ సిస్టమ్ అనునది కంప్యూటరులోని భాగములన్నిటి చేతను పని చేయించు పెద్దమేస్త్రి వంటిది. అయితే కీబోర్డు, తెర, డిస్కు మొదలగు ఒక్కొక్క భాగముతో మాటలాడుటకు దానికి ఒక్కొక్క దుబాసీ కావలెను. ఈ దుబాసీలనే "డ్రైవర్లు" అందురు. ఎక్స్‌పి తయారైన నాటికి ఉన్న భాగములకు తగిన దుబాసీలే ఎక్స్‌పి సి.డి.లో ఉన్నారు. తరువాత పుట్టిన భాగముల భాష వారికి తెలియదు.

ఉదాహరణకు డిస్కును తీసికొందము. ఎక్స్‌పి కాలమున డిస్కులు ఐ.డి.ఇ. పద్ధతిలో పనిచేసెడివి. తరువాత సాటా డిస్కులును, వాటిని నడుపు ఎ.హెచ్.సి.ఐ. పద్ధతియు వచ్చినవి, ఆ తరువాత ఎన్.వి.ఎం.ఇ. డిస్కులు వచ్చినవి. ఎక్స్‌పి సి.డి.ని వేసినప్పుడు అది కొంతదూరము నడచి, తాను కూర్చుండవలసిన డిస్కు కనబడక, నీలితెర చూపి ఆగిపోవును. డిస్కు అక్కడనే ఉన్నది. కాని దానిని పలుకరించు దుబాసీ లేడు.

విండోస్ 7 సంగతియు ఇట్టిదే. దాని డి.వి.డి.లో యు.ఎస్.బి. 3 డ్రైవరు లేదు. కావున కొన్ని క్రొత్త యంత్రములలో మొదటి తెర రాగానే కీబోర్డును మౌసును పనిచేయక పోవును. "ముందుకు పోవుటకు ఇచ్చట నొక్కుడు" అని తెర అడుగును. నొక్కుటకు చేతిలో ఏదియు పనిచేయదు.

ఇంకొక అడ్డంకి బయాసు. కంప్యూటరును మేల్కొలుపు ఈ పాత పద్ధతి స్థానమున యు.ఇ.ఎఫ్.ఐ. అను క్రొత్త పద్ధతి వచ్చినది. పాత పద్ధతికి ఆదరువును 2020 నాటికి విడనాడుదుమని ఇంటెల్ సంస్థ 2017లో ప్రకటించినది. సామాన్యముగా వాడెడు 32 బిట్ల ఎక్స్‌పికి పాత బయాసే కావలెను. అది 2 టెరాబైట్లకు మించిన డిస్కును పూర్తిగా వాడుకొనలేదు. జ్ఞాపకశక్తి 16 గిగాబైట్లున్నను 4 గిగాబైట్లలోపే వాడుకొనగలదు.

మన మెట్టప్రాంతములో ఒకప్పుడు మోటలతో నీరు తోడెడివారు. జత యెడ్లు, ఏటవాలు దారి, పెద్ద తోలు బొక్కెన — ఆ బావికి ఆ మోట చక్కగా సరిపోయినది. ఇప్పుడు ఎక్కడ చూచినను ఆరు అంగుళములకు కొంచెము మించిన బోర్లు. ఆ బోరులో మోటబొక్కెనను దింపగలమా? బొక్కెన చెడ్డది కాదు. ఈ నోరు దానికొరకు త్రవ్వినది కాదు. ఎక్స్‌పి సంగతియు అంతే.

ఎక్కినంత మాత్రమున మేలగునా?

నేర్పరులైనవారు ఈ అడ్డంకులను కొంతవరకు దాటుచున్నారు. బయాసులో డిస్కును ఐ.డి.ఇ. పద్ధతికి మార్చుదురు, లేదా కావలసిన డ్రైవర్లను ముందే కలిపి క్రొత్త సి.డి. తయారుచేయుదురు. వారి పనితనమును మెచ్చవలసినదే. కాని ఫలితమేమి? క్రొత్త యంత్రమునకు పెట్టిన డబ్బులో పెద్దభాగము వ్యర్థమగును. తెర, శబ్దము, వైఫై వంటివానికి డ్రైవర్లు దొరుకక పోవచ్చును.

అంతకు మించినది భద్రత. ఎక్స్‌పికి మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయినవి. విండోస్ 7కు 2020 జనవరి 14తో. అనగా ఆ తరువాత బయటపడిన కన్నములను సాధారణముగా పూడ్చువారు లేరు. 2017 మే నెలలో వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటను కంప్యూటర్ల ఫైళ్లకు తాళము వేసి డబ్బు అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాత పడినవి. అప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నవి ఎక్స్‌పి యంత్రములు కావు. అదివరకే వచ్చిన మరమ్మతును వేసికొనని విండోస్ 7 యంత్రములు. మరమ్మతు వచ్చియు వేసికొననివారి గతియే అట్లున్నప్పుడు, మరమ్మతే రానివారి మాట చెప్పవలెనా? పరీక్షకు ముందు ప్రశ్నపత్రము పెన్ డ్రైవులో పెట్టుకొని ఇట్టి యంత్రము వద్దకు పోవు ఉపాధ్యాయుడు ఈ సంగతిని తలచుకొనవలెను.

అసలు చిక్కు అక్షరములలో ఉన్నది

ఇన్ని కష్టములుండగా పాత విండోసును ఎందుకు వదలరు? ఎక్స్‌పి మీది ప్రేమచేత కాదు. వారికి కావలసినవి రెండు: పేజీలు కూర్చు పేజిమేకరు, తెలుగు టైపుచేయు అను స్క్రిప్ట్ మేనేజరు. పేజిమేకరు 7.0 వెలువడినది 2001లో. అదియే దాని చివరి పెద్ద కూర్పు. దానికి యూనికోడు తెలియదు. అను వంటి పాత తెలుగు ఫాంట్లు దానికి తగినట్లు చేసినవి.

ఆ ఫాంట్ల కిటుకు ఇది. కంప్యూటరు దృష్టిలో అక్కడ తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరములకును గుర్తులకును ఏర్పడిన సంఖ్యల స్థానములలో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి తునకల బొమ్మలను అమర్చినారు. ఆ తునకలను ప్రక్కప్రక్కన చేర్చిన కంటికి తెలుగు కనబడును. ఫాంటు తీసివేసినచో మిగులునది ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కలిసిన పిచ్చిగీత. అట్టి ఫైలులో "నల్లగొండ" అని వెదకిన దొరకదు. ఏలయన అక్కడ నల్లగొండ లేదు, దాని బొమ్మ ఉన్నది.

యూనికోడు మార్గము వేరు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకు 128 స్థానములు కేటాయించినారు. 3072 మొదలు 3199 వరకు గల సంఖ్యలు మనవి. "న"కు 3112, "ల"కు 3122. "నల్లగొండ" అను మాటలో న, ల, పొల్లు, ల, గ, ఒత్వము, సున్న, డ అను ఎనిమిది గుర్తులు వరుసగా ఉండును. ఒత్తు ఎక్కడ పెట్టవలెనో, గుడి ఎట్లు చుట్టవలెనో ఫాంటు చూచుకొనును. ఫాంటు మారినను మాట మారదు.

ఇచ్చట ఒక వింత గమనింపదగినది. ఏ ఎక్స్‌పిని పాత తెలుగు అక్షరముల కొరకు పట్టుకొని వ్రేలాడుచున్నారో, ఆ ఎక్స్‌పిలోనే యూనికోడు తెలుగునకు చోటును, గౌతమి అను ఫాంటును ఉండినవి. మందు ఇంటిలోనే ఉండెను. సీసా మూత తీయలేదు.

అయితే తప్పంతయు డి.టి.పి. చేయువారిదే అనుట న్యాయము కాదు. యూనికోడులో తెలుగున్నను, పుస్తకమును అందముగా కూర్చు సాధనములు దానిని వెంటనే అందుకొనలేదు. పేజిమేకరు తయారుచేసిన అడోబీ సంస్థవారి ఇన్‌డిజైన్ భారతీయ లిపులను సరిగా కూర్చుట 2012లో వచ్చిన సి.ఎస్.6 కూర్పుతో మొదలైనది. ఉచితముగా లభించు స్క్రైబస్ యొక్క నిలుకడైన కూర్పులో ఈ శక్తి 2024 జనవరిలో వెలువడిన 1.6తో వచ్చినది. అంతవరకు పొట్టపోసికొనవలసిన మనిషి తనకు తెలిసిన పనిముట్టును ఎట్లు విడుచును? అను అక్షరములు ముద్దుగా ఉండును. వాటి కీబోర్డుకు వ్రేళ్లు అలవాటు పడినవి. ఇది చిన్న సంగతి కాదు. కాని ఈనాడు ఆ సాకు తీరిపోయినది.

మరి ఏమి చేయవలెను?

పాత ఫైళ్లను తెరచుటకు క్రొత్త యంత్రమును పాతదిగా మార్చవలసిన పని లేదు. వర్చువల్‌బాక్స్ వంటి ప్రోగ్రాము క్రొత్త విండోసులోనో లినక్సులోనో ఒక పాత కంప్యూటరును నటించి చూపును. అందులో ఎక్స్‌పికి తెలిసిన డిస్కును, తెలిసిన బయాసును ఉండును గనుక అది సుఖముగా ఎక్కును. తన యొద్ద హక్కున్న ఎక్స్‌పి సి.డి. నుండి దానిని ఎక్కించి, ఇంటర్నెట్టు తగులకుండ ఉంచవలెను. మోటబావిని పూడ్చకుండ పెరటిలో ఉంచుకొని, పొలమునకు బోరునీరు పారించుట వంటిది ఇది.

కాని ఇదియు తాత్కాలికమే. శాశ్వతమైన పని పాత వ్రాతలను యూనికోడునకు మార్చుట. ఇందుకొరకు నాగార్జున వెన్నగారు చేసిన "పద్మ" ఎందరికో తోడ్పడినది. ఫైర్‌ఫాక్సు బ్రౌజరుకు తగిలించుకొను ఉపకరణమది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు 57వ కూర్పుతో పాతతరహా ఉపకరణములకు ఆదరువు తీసివేసినందున ఆ రూపమున పద్మయు ఆగవలసి వచ్చినది. మార్పిడి పనిని రేపటికి వాయిదా వేసిన, మార్చు సాధనమే పాతబడిపోవునని దీనివలన తెలియుచున్నది.

మార్పిడి తప్పులు లేకుండ రాదు. పాత ఫాంట్లు కంటికి కనబడు వరుసను పాటించును. యూనికోడు పలుకు వరుసను పాటించును. కొన్ని పాత ఫాంట్లలో క్రావడి అక్షరమునకు ముందే వచ్చును. కావున యంత్రము మార్చిన దానిని మనిషి చదివి దిద్దవలెను. ఈ పనికి తెలుగు ఉపాధ్యాయులను, పై తరగతుల విద్యార్థులను మించినవారెవరు? ప్రతి ఉన్నత పాఠశాలయు తన పాత వార్షిక సంచిక నొక్కదానిని తీసికొని మార్చి, దిద్ది, భద్రపరచిన చాలును. పిల్లలకు వర్ణక్రమమును, సంకేతశాస్త్రమును ఒకేసారి పట్టుపడును.

1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు నల్లగొండ నుండి "నీలగిరి" పత్రికను నడపినారు. పాలమూరు సీమవారైన సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో "గోలకొండ" పత్రికను స్థాపించినారు. ఆనాటి కాగితము ఎంత పండిపోయినను, చేతికి చిక్కిన ప్రతిని తెలుగు వచ్చినవారెవరైనను చదువగలరు. దానికి ఏ డ్రైవరును అక్కరలేదు. 2001లో మన ఊరి డి.టి.పి. కేంద్రములో కూర్చిన గ్రామచరిత్ర ఫైలును రేపు చదువగలమా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని భయమే కొందరిచేత క్రొత్త యంత్రములో పాత విండోసును ఎక్కించుచున్నది. భయము సరియైనదే, విరుగుడు సరియైనది కాదు. కాపాడవలసినది విండోసును కాదు, వ్రాతను.