వందకు పైసా

రాంనగర్ గుండు దగ్గర టీ తాగుతుంటే ఈ వారం ఒక మాట చెవినపడి ఒళ్లు మండింది. "నష్టమే కదా వచ్చింది, ఇక రిటర్న్ ఎందుకు వేయడం?" అని ఒక పెద్దమనిషి, అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే కుర్రాడికి ధైర్యం నూరిపోస్తున్నాడు. లెక్క రాయనివాళ్లంటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. కుర్రాణ్ణి పక్కకు పిలిచాను.

అతనిది ఆర్మూర్ వైపు ఊరు. పగలు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పాలిటీ, ఎకానమీ. రాత్రి గదిలో సరుకుల ఎక్స్ఛేంజ్ ఎంసీఎక్స్‌లో క్రూడ్ (ముడి చమురు) ఫ్యూచర్స్. ఆ మార్కెట్ అర్ధరాత్రికి కాస్త ముందు దాకా నడుస్తుంది మరి, పగలు చదువుకునేవాళ్లు దొరికిపోయేది అక్కడే. ఫోన్ చూపించాడు. "టర్నోవర్ కోట్లల్ల చూపిస్తుంది అంకుల్. నా తాన వేలు గూడ లేవు. ఆడిట్ అంటరా?"

క్రూడ్ లాటు వంద పీపాలు. పీపా 6,000 అనుకుంటే ఒక్క లాటే 6 లక్షలు; రోజూ కొని అమ్మితే కోట్లు కాక ఏమవుతాయి? కానీ ఫ్యూచర్స్‌లో ఆదాయ పన్ను ఆడిట్‌కు చూసే టర్నోవర్ అది కాదు. ఒక్కో లావాదేవీలో వచ్చిన లాభాన్నీ నష్టాన్నీ, ప్లస్సూ మైనస్సూ చూడకుండా కూడుతారు. లాభాలు 3 లక్షలు, నష్టాలు 4 లక్షలైతే టర్నోవర్ 7 లక్షలు; అసలు నష్టం లక్ష. దాన్ని ఐటీఆర్-3లో వ్యాపార నష్టంగా చూపి, గడువులోగా వేస్తేనే ఎనిమిదేళ్ల దాకా ముందుకు మోసుకుపోవచ్చు. టీ దగ్గరి సలహా వింటే ఆ హక్కు గల్లంతే.

"ఉద్యోగమొస్తే జీతంల కొట్టేస్తరా?" అన్నాడు. కొట్టేయరు. వ్యాపార నష్టాన్ని జీతంలోంచి తీయనివ్వరు. పైగా సర్కారు ఉద్యోగి తరచూ కొని అమ్మితే ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవు. "మరి నాకేం లాభం?" "ఎనిమిదేళ్లలో ఉద్యోగం రాకపోతే పనికొస్తుంది" అన్నాను. 2022 గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయిన సంగతి తెలిసినవాడు గనక నవ్వలేదు.

అతని కాంట్రాక్ట్ నోట్‌లో నా పాత శత్రువు కనబడింది. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజ్ చార్జీ, వాటిపై 18 శాతం జీఎస్టీ, కొన్నందుకు స్టాంపు డ్యూటీ, వాటి సరసన సీటీటీ, అంటే సరుకు లావాదేవీల పన్ను. 2008లో చిదంబరం ప్రతిపాదించారు, 2009లో ప్రణబ్ ముఖర్జీ పక్కన పడేశారు, 2013లో చిదంబరమే మళ్లీ తెచ్చి జూలై 1 నుంచి అమలు చేశారు. ఫ్యూచర్స్ అమ్మినవాడు కట్టాల్సింది 0.01 శాతం, అంటే వందకు పైసా. 6 లక్షల క్రూడ్‌కు 60 రూపాయలు. నువ్వు మునిగినా తేలినా ఆ అరవై అరవయ్యే. ఆ 2013 జూలై నెలాఖరునే ఎంసీఎక్స్ ప్రమోటర్లదే అయిన స్పాట్ ఎక్స్ఛేంజ్ ఎన్‌ఎస్‌ఈఎల్ 5,600 కోట్ల చెల్లింపుల దగ్గర చతికిలబడింది. ఎంసీఎక్స్ వ్యాపారం ఆ ఏడు సన్నగిల్లడంలో దేని పాలు ఎంతో విడదీయడం కష్టం. నేను మాత్రం పైసానే తిట్టుకుంటూ వచ్చాను.

ఇంతలో కుర్రాడు వాళ్ల నాయన పసుపు వేస్తాడన్నాడు. నా బుర్ర నిజామాబాద్ గంజ్‌కు పరుగెత్తింది. కొమ్ము ఒకవైపు, గోళ ఒకవైపు, గాలి పీలిస్తే ముక్కు పచ్చబడే కాలం. అక్కడ నాకు తెలిసిన అడ్తిదారు ఒకాయన ఎన్‌సీడీఈఎక్స్ అనే ఎక్స్ఛేంజ్‌లో పసుపు ఫ్యూచర్స్‌లో వేలు పెట్టేవాడు. ఐదు టన్నుల లాటు, డెలివరీ కేంద్రం ఆయన ఊరే. 2013లో వ్యవసాయ సరుకులకు సీటీటీ మినహాయించినప్పుడు "మన పసుపును ఇడిచిపెట్టిండ్రు" అని మిఠాయి తెప్పించాడు. నేనూ తిన్నాను. ఆయన ఆడిటర్ ముట్టలేదు.

ఎందుకంటే సీటీటీ తెచ్చిన 2013 ఆర్థిక చట్టమే అప్పటి ఆదాయ పన్ను చట్టం సెక్షన్ 43(5)లో, స్పెక్యులేషన్ నిర్వచనంలో, ఇంకో ముక్క చేర్చింది: గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజ్‌లో జరిగి, సీటీటీ పడే సరుకు లావాదేవీ ఇకమీదట స్పెక్యులేషన్ కాదు. సీటీటీ పడని పసుపు? అది స్పెక్యులేషన్‌గానే మిగిలింది. ఆ నష్టాన్ని స్పెక్యులేషన్ లాభంలోనే తగ్గించుకోవాలి, అదీ నాలుగేళ్లలోపే. క్రూడ్ పీపా మొహం చూడనివాడు వ్యాపారి. గోళ్ల సందుల్లో పసుపు వదలని మనిషి పందెంగాడు! సొంత సరుకు ధర పడిపోతే కాచుకోవడానికి చేసిన కాంట్రాక్టుకు వేరే మినహాయింపు ఉంది, నిజమే. దాన్ని గోదాం నిల్వతో సరిపోల్చి పుస్తకాల్లో చూపాలి. ఆయన పుస్తకాల్లో గోదాం ఒక కథ చెబితే లాట్లు ఇంకో కథ చెప్పేవి.

2018 బడ్జెట్ వచ్చాకగానీ వ్యవసాయ సరుకులకు ఆ సీటీటీ షరతు తొలగలేదు. 2019-20 అసెస్‌మెంట్ ఏడాది నుంచి అమలు. అడ్తిదారు పాత నష్టాలు మాత్రం పాత పద్దులోనే ఉండి, గడువు తీరినవి తీరినట్టు పోయాయి. ఐదు సీజన్ల పాటు ఆ పైసా పసుపు మీద పడి ఉంటే ఆయన సంతోషంగా కట్టేవాడు. కట్టినదాన్ని ఖర్చు కింద రాసుకోనిస్తారు కూడా. సీటీటీ ఎత్తేయాలని ఎవరైనా అర్జీ పట్టుకొని సంతకానికొస్తే, స్పెక్యులేషన్ నిర్వచనంలో క్రూడ్‌కూ బంగారానికీ ఆ షరతు తీసేయమని అందులో రాశారో లేదో ముందు చూస్తాను. రాయకపోతే నా కలం జేబులోంచి బయటికి రాదు.