స్ప్రెడ్‌షీటులో లెక్క: ఒక వ్యాసముపై విమర్శ

మా చిలకలూరిపేట ప్రాంతములో ప్రత్తి, మిరప పండించు రైతులలో కొందరు ఒక చిన్న పుస్తకములో సాగు ఖర్చులు వ్రాసికొందురు. అందులో ఒక పద్దుక్రింద ఎర్రసిరా గీత ఉన్నచో అది తీరని బాకీ అని వ్రాసినవారికి తెలియును. కంప్యూటరుకు అట్టి గుర్తు తెలియదు. చెప్పిన దానినే అది లెక్కించును. మనస్సులో ఉంచుకొన్న దానిని లెక్కింపదు. ఈ చిన్న సత్యము ఆధారముగా వ్రాసిన ఒక మంచి వ్యాసమును ఉపాధ్యాయులకు, విద్యార్థులకు పరిచయము చేసి, దాని గుణదోషములను విచారింపదలచితిని.

వ్యాసము పేరు "డేటా ఆర్గనైజేషన్ ఇన్ స్ప్రెడ్‌షీట్స్". కార్ల్ బ్రోమన్, కారా వూ అనువారు వ్రాసిరి. 2018లో "ది అమెరికన్ స్టాటిస్టీషియన్" పత్రికలో వెలువడినది. స్ప్రెడ్‌షీటు అనగా అడ్డువరుసలు, నిలువువరుసలు గల గడుల పట్టిక. ఒక గడిలో అంకె మార్చినచో దానిపై ఆధారపడిన లెక్కలన్నియు తమంత తామే మారును. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ నిర్మించిన "విసికాల్క్" 1979లో ఈ సౌకర్యమును చిన్న కంప్యూటర్లకు తెచ్చినది. సాధనము సులభము, సులభమగుటచేతనే దానిని శ్రద్ధగా నేర్చుకొనవలెనను తలంపు మనకు కలుగదు. ఈ లోపమును తీర్చుటకు వ్యాసకర్తలు పండ్రెండు సూచనలు చేసిరి. అందు మన పాఠశాలలకు పనికివచ్చు కొన్నిటిని పరీక్షింతము.

తేదీని సంవత్సరము, నెల, రోజు అను వరుసలో 2024-06-07 అని వ్రాయుమందురు. ఇది చాదస్తమని మొదట నేనును అనుకొంటిని. మా విద్యార్థులు ప్రత్తి విత్తిన నాటినుండి మొదటి పూతకు ఎన్ని రోజులు పట్టునో లెక్కించుచు, విత్తిన తేదీని 7-6 అని వ్రాసిరి. జూన్ 7 అని వారి భావము. అమెరికా పద్ధతిలో అమర్చియున్న కంప్యూటరు దానిని జూలై 6గా గ్రహించినది. పైరు వయస్సులో 29 రోజులు మాయమైనవి. నేను కారణము వెదకక, పరిశీలన సరిగా చేయలేదని ఒక విద్యార్థిని మందలించితిని. తప్పు అతనిది కాదని తెలియుటకు వారము పట్టినది. శాస్త్రజ్ఞులకును ఈ చిక్కు తప్పలేదు. "మార్చ్1" అను జన్యువు పేరును ఎక్సెల్ మార్చి 1వ తేదీగా మార్చివేయుచుండెను. 2020లో అట్టి జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చినది.

ఒక గడిలో ఒకే విషయము ఉండవలెనన్నది మరియొక సూచన. మిరప దిగుబడిని ముగ్గురు విద్యార్థులు 10, 8, "12 బస్తాలు" అని వ్రాసిరనుకొందము. మొత్తము 30 రావలెను. స్ప్రెడ్‌షీటు 18 చూపును. "బస్తాలు" అను మాట చేరగానే ఆ గడిలోనిది అంకె కాక మాట యగును. కూడిక సూత్రము దానిని చప్పుడు చేయక విడిచిపెట్టును. బస్తాలు, క్వింటాళ్లు అను ప్రమాణములు నిలువువరుస శీర్షికలో ఉండవలెను. ముడత తెగులు సోకిన మొక్కల గడులకు ఎర్రరంగు వేయుటయు ఇట్టిదే. రంగు కంటికి కనబడును గాని లెక్కకు రాదు. "తెగులు" అని ఒక నిలువువరుస చేర్చి "ఉన్నది", "లేదు" అని వ్రాయుట మేలు.

ఖాళీగడులు ఉంచరాదన్న సూచన అన్నిటికంటె విలువైనది. ఒక విద్యార్థికి మూడు పరీక్షలలో 18, 20, 22 మార్కులు వచ్చినవి. నాల్గవదానికి జ్వరముచే రాలేదు. సున్న వేసినచో సగటు 15. "గైర్హాజరు" అని వ్రాసినచో 20. ఖాళీగా విడిచినను 20 వచ్చును. కాని అతడు రాలేదో, మనము మార్కు వేయుట మరచితిమో పిమ్మట ఎవరికి తెలియును?

ఇక లోపములు. మూలపట్టికలో లెక్కలు చేయరాదని వ్యాసకర్తలు చెప్పిరి. మంచిదే. కాని వారు ముఖ్యముగా ఉద్దేశించినది లెక్కలకు వేరు ప్రోగ్రాములు వాడు పరిశోధకులను. మన ఉపాధ్యాయునకు మార్కులు వ్రాయుటకును, కూడుటకును ఉన్నది ఈ ఒక్క సాధనమే. సూత్రములను సరిచూచుకొను విధముపై వ్యాసము దృష్టి నిలుపలేదు. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ దేశముల అప్పులపై ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున, సగటు సూత్రము 49వ వరుసవరకు పోక 44వద్ద ఆగి, ఐదు దేశములను విడిచినది. 2013లో థామస్ హెర్న్‌డన్ అను విద్యార్థి తన ఆచార్యులతో కలిసి దీనిని బయటపెట్టెను. పట్టిక చక్కగానున్నను సూత్రము తప్పవచ్చునన్నమాట. కావున లెక్కలను వేరొక షీటులో చేయుడు. ఇద్దరు ముగ్గురి మొత్తములను చేతితో కట్టి చూడుడు. నకలు తీసికొని, అందు చివరి విద్యార్థి మార్కును మార్చి చూడుడు. తరగతి సగటు కదలనిచో సూత్రము అతనిని చేరలేదని గ్రహింపుడు.

రెండవ లోపము తెలుగువారికి తగులునది. దత్తాంశములను అలంకారములు లేని సి.ఎస్.వి. ఫైలుగా భద్రపరచుమందురు. తెలుగు పేర్లున్న పట్టికకు "యు.టి.ఎఫ్-8" అను పద్ధతిని ఎన్నుకొననిచో అక్షరములకు బదులు ప్రశ్నార్థకములు మిగులవచ్చును. ఈ జాగ్రత్తను మనమే చేర్చుకొనవలెను.

ఈ లోపములున్నను వ్యాసము చదువదగినది. దీనిలో కఠినమైన గణితము లేదు. ఇతరులు చదువుకొనునట్లు వ్రాయవలెనను మర్యాద ఉన్నది. నేను మందలించిన విద్యార్థికి క్షమాపణ చెప్పుకొంటిని. ఆ తేదీని అతడే నా ఎదుట సరిదిద్దెను.