'సిటీ స్లమ్స్' ర్యాప్ యుగళగీతం: భాష, లయ, స్థానికత - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు మూలాలున్న అమెరికన్ ర్యాపర్ రాజా కుమారి, ముంబై ర్యాపర్ డివైన్ కలిసి పాడిన 'సిటీ స్లమ్స్' (2017) పాటను, దాని వీడియోను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇంగ్లీషు, హిందీ భాషలు పంచుకున్న ఈ పాటలో తెలుగు మాటకు చోటు లేదు. గాయని పొందిన తెలుగు వారసత్వం నాట్యశిక్షణ ద్వారా లయగా మాత్రమే మిగిలింది. ఈ స్థితికి కారణాలను, తెలుగు ర్యాప్‌కు ఛందశ్శాస్త్రం అందించగల విమర్శ పరికరాలను చర్చించడం వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ర్యాప్, యుగళగీతం, గతి, మాత్ర, మాండలికం, ప్రవాసం, స్థానికత.

1. ఉపోద్ఘాతం

ర్యాప్‌ను తెలుగు విమర్శ ఇప్పటివరకు ఎక్కువగా సినిమాపాటకు అనుబంధంగానే చూసింది. ఆ కొద్దిపాటి చర్చ కూడా వస్తువు వద్దే ఆగిపోతున్నది. నోయెల్, రోల్ రైడా వంటివారు తెలుగులో ర్యాప్ పాడుతున్నా, వారి పలుకుబడిలోని గణవిభజనను, ఊనికను పరిశీలించే ప్రయత్నాలు అరుదు. పద్యానికి, గేయానికి ఇంత సూక్ష్మమైన లక్షణశాస్త్రం ఉన్న భాషలో ఇది ఆశ్చర్యకరమైన లోటు. 'సిటీ స్లమ్స్' తెలుగు పాట కాకపోయినా, ఆ లోటును స్పష్టంగా చూపే ఉదాహరణ.

2. ఇద్దరు గాయకులు, రెండు అధికారాలు

రాజా కుమారి అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు. కాలిఫోర్నియాలోని క్లేర్మాంట్‌లో తెలుగు కుటుంబంలో పుట్టి, కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకున్నారు. 'ఫాల్ అవుట్ బాయ్' బృందం 2014లో విడుదల చేసిన 'సెంచురీస్' రచయితల్లో ఆమె ఒకరు. డివైన్ అసలు పేరు వివియన్ ఫెర్నాండెజ్. ముంబైలోని అంధేరీ తూర్పు ప్రాంతపు గల్లీలే ఆయన పాటలకు ఆధారం. నేజీతో కలిసి 2015లో చేసిన 'మేరే గల్లీ మే' ఆయనకు దేశవ్యాప్త గుర్తింపు తెచ్చింది. అదే పాట కొత్త రూపంలో 2019 నాటి 'గల్లీ బాయ్' చిత్రంలో చేరింది.

ఈ రెండు యుగళగీతాలను పక్కపక్కన ఉంచితే ఒక తేడా కనిపిస్తుంది. 'మేరే గల్లీ మే'లో ఇద్దరూ తమతమ వాడలను వెంట తెచ్చుకున్నవారే. 'సిటీ స్లమ్స్'లో బస్తీ ఒకరికి నివాసం, మరొకరికి సందర్శనస్థలం. రాజా కుమారి చరణాల్లో తన స్థానాన్ని ప్రకటించుకునే ధోరణి ప్రధానం. బస్తీ అనుభవానికి సాక్ష్యం డివైన్ గొంతు నుంచే వస్తుంది. ఆమెకు స్థానికత, అతనికి అంతర్జాతీయ వేదిక: పాట నిర్మాణం ఈ ఇచ్చిపుచ్చుకోవడంపై నిలిచింది. ముంబై వీధుల్లో తీసిన వీడియోలోనూ ఇదే వరుస. కెమెరాకు బస్తీ కావాలి, కానీ బస్తీవాసి మాట డివైన్ పలికినంతమేరకే వినిపిస్తుంది.

అయితే దీన్ని కేవలం అలంకారంగా కొట్టివేయడం న్యాయం కాదు. పురుషుల ఆధిక్యం ఉన్న భారతీయ ర్యాప్‌లో ఒక స్త్రీ పాటను ముందుండి నడపడం, పురుషుడు అతిథిగా రావడం ఇక్కడి విశేషం. బొట్టు, నగలు ధరించిన దేహం వీధి సంగీతానికి నాయకత్వం వహించడం, శాస్త్రీయ నాట్యానికి సంప్రదాయం విధించిన మర్యాదల హద్దును దాటుతుంది.

3. మాట లేని చోట లయ

పల్లవి బస్తీని డప్పుల మోతతో ముడిపెడుతుంది. ర్యాప్ సాధారణంగా నాలుగు దెబ్బల ఆవర్తనంలో నడుస్తుంది. ఒక్కొక్క దెబ్బను నాలుగుగా విభజిస్తే చతురశ్రగతి, మూడుగా విభజిస్తే తిశ్రగతి. ర్యాపర్లు 'ట్రిప్లెట్' అని పిలిచేది ఈ రెండోదాన్నే. కూచిపూడి విద్యార్థికి జతుల ద్వారా ఈ గతిభేదం ముందే పరిచితం. తన ర్యాప్‌కు నాట్యలయ పునాది అని రాజా కుమారి చెప్పుకోవడంలోని అర్థం ఇదే. ప్రవాసంలో భాష కంటే కళాశిక్షణ సులభంగా మరో తరానికి అందింది. జతికి నిఘంటువు అవసరం లేదు.

తెలుగు మాట రాకపోవడానికి శ్రోతల సంఖ్య, వ్యాపారం ముఖ్య కారణాలు. నిర్మాణపరమైన కారణం కూడా ఒకటి ఉంది. హిందీలో పదాంత అకారం ఉచ్చారణలో లోపించి 'షహర్', 'ఆవాజ్' వంటి హలంతాలు ఏర్పడతాయి. అవి ఇంగ్లీషు పదాల్లాగే దెబ్బ మీద ఠక్కున ఆగుతాయి. తెలుగు అజంతభాష కనుక పదం అచ్చుతో సాగుతుంది. పద్యంలో ప్రాసస్థానం పాదారంభంలోని రెండో అక్షరం. ర్యాప్‌లో ప్రధానమైన ప్రాస పాదాంతంలో ఉంటుంది. తెలుగు ర్యాపర్ ఎదుర్కొనే అసలు సమస్య ఇది.

4. ఎర్రగుంట్ల ప్రాంతం నుంచి ఒక జవాబు

ఈ సమస్యకు కడప జిల్లా సాహిత్యంలోనే ఒక ఆధారం దొరుకుతుంది. ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ల శాసనం రేనాటి చోళుల కాలపు తెలుగును రాతిలో నిలిపింది. పక్కనే ఉన్న ప్రొద్దుటూరులో చాలాకాలం నివసించిన పుట్టపర్తి నారాయణాచార్యులు (1914-1990) 'శివతాండవం'లో నృత్యగతిని అర్థవంతమైన తెలుగు మాటతో నడిపించారు. నాట్యలయకు తెలుగు మాట లొంగుతుందనడానికి ఆ గేయకావ్యమే నిదర్శనం. 'సిటీ స్లమ్స్'లో విడిపోయిన రెండూ అక్కడ ఒక్కటిగా ఉన్నాయి.

ఊరి పేరు చెప్పుకోవడం ర్యాప్ సంప్రదాయం. ఆ దృష్టితో చూస్తే 'ఎర్రగుంట్ల' మూడేసి మాత్రల రెండు గణాలు, 'ప్రొద్దుటూరు' కూడా అంతే. 'జమ్మలమడుగు' నాలుగు, మూడు మాత్రల మిశ్రగతి. మాండలికం ఎంపిక సైతం నడకను మారుస్తుంది. 'ఎక్కడికి' అయిదు మాత్రలు, 'యాడికి' నాలుగు. 'ఏమిటి' నాలుగు, 'ఏంది' మూడు. కడప వ్యవహారం నాలుగు దెబ్బల ఆవర్తనంలో ఇమడడానికి ఇటువంటి రూపాలు తోడ్పడతాయి. అంటే మాండలికం స్థానికతను సూచించడంతోపాటు పాట నడకను కూడా నిర్ణయిస్తుంది.

5. ముగింపు

'సిటీ స్లమ్స్' స్త్రీ నాయకత్వం, లయవైవిధ్యం పరంగా గణనీయమైన పాట. బస్తీని చూపడంలో మాత్రం డివైన్ సాక్ష్యంపై ఆధారపడింది. తెలుగు వారసత్వాన్ని అది లయగా స్వీకరించి, భాషగా వదిలిపెట్టింది. ఈ లోపాన్ని గాయని ఒక్కరికే ఆపాదించలేం. పల్లె, పట్టణ యువకులు తమ యాసలో ర్యాప్ రాస్తున్న ఈ కాలంలో, వారి పాటలను గతి, గణం, ప్రాస అనే కొలమానాలతో తరగతి గదిలోకి తీసుకురావలసిన బాధ్యత తెలుగు శాఖలది. సందేశాన్ని మెచ్చుకుని ఆగిపోయే విమర్శ ఆ పాటల్లోని తెలుగును గుర్తించలేదు.