జిల్లేడు దగ్గర ఆగండి

ఉగాదికి ముందు రోజుల్లో సీతాకోకచిలుకలు చూడాలని సరదా పడేవాళ్లు తెల్లవారుజామునే లేవనక్కర్లేదు. ఆ తిప్పలన్నీ పిట్టల్ని చూసేవాళ్లకే. ఎండ తగిలి ఒళ్లు వెచ్చబడితే గానీ సీతాకోకచిలుక రెక్క ఆడదు. తీరిగ్గా టిఫిన్ చేసి ఎనిమిదిన్నరకు బయల్దేరినా చాలు. పదకొండు దాటితే మాత్రం మన మాడు పగులుతుంది.

వాటి వెంట పరుగెత్తడం దండగ. మొక్క దగ్గర నిలబడాలి. తేనె కోసం గడ్డిచామంతి మీదా, ఇంకెక్కడైనా వాలతాయి గానీ గుడ్డు పెట్టే దగ్గర తల్లికి మహా పట్టింపు. ఒకదానికి రేల లేతాకే కావాలి, ఇంకోదానికి నిమ్మ జాతే కావాలి.

నేను నిలబడేది జిల్లేడు దగ్గర. ఇల్లు లేవని ప్లాటు ఎక్కడుంటే అక్కడ అది ఉంటుంది. రథసప్తమి నాడు ఏడాకులు తలమీద పెట్టుకుని స్నానం చేశాక దాన్ని మళ్లీ ఎవరూ పట్టించుకోరు. ఫాల్గుణంలో ఆ ఆకుల్ని వెనక్కి తిప్పి చూడండి (పాలు కంట్లో పడకుండా జాగ్రత్త). నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, వీపు మీద మూడు జతల నల్ల కొమ్ములతో ఒక గొంగళిపురుగు కనిపించవచ్చు. అది తినే పద్ధతి చూసి తీరాలి. ముందుగా మధ్య ఈనెకు గాటు పెడుతుంది, కల్లుగీత కార్మికుడంత ఒడుపుగా. పాలు అక్కడే కారిపోతాయి, ఆకు కాస్త వాలుతుంది. అప్పుడు గాటుకు అవతలి భాగం తీరిగ్గా నములుతుంది.

ఆ ఆకులోని విషాన్ని ఒంట్లో దాచుకుని, నారింజ రంగు రెక్కలతో బయటికొస్తుంది. తిన్న పిట్ట కక్కుకుంటుంది, మళ్లీ దాని జోలికి రాదు. అందుకే దానికి ఎగరడంలో తొందరే ఉండదు. ఈ దర్జా చూసి వేషం కట్టిన ఆడ సీతాకోకచిలుక ఒకటుంది. అది పెరిగేది మనం పప్పులో వేసుకునే గంగపాయల మీద, విషం చుక్క లేదు. వెనక రెక్క మధ్యలో నల్లచుక్కలు మూడో నాలుగో ఉంటే అసలుది, పై అంచున ఒక్క మచ్చే ఉంటే వేషగత్తె. దాని మగడు ఈ నాటకంలో లేడు. నల్లటి రెక్కల మీద ఊదా మెరుపు అంచున్న తెల్ల మచ్చలతో వేరే జాతిలా తిరుగుతుంటాడు.

ఈలోగా జిల్లేడు పువ్వు మీద నల్ల తుమ్మెద ధన్‌మని వాలుతుంది. జిల్లేడు పుప్పొడి పొడిగా రాలదు. జంట సంచుల్లా తుమ్మెద కాలికి తగులుకుని మరో పువ్వుకు చేరుతుంది. కింది కొమ్మ మీద పసుపు, నీలం చారల మిడత ఎవరొచ్చినా లెక్కచేయకుండా మేస్తుంటుంది.

ఇంత సంసారం ఉన్న చోటికి ఏదో ఒకరోజు జేసీబీ వస్తుంది. ‘ప్లాటు శుభ్రం చేయించాం’ అంటారు. ఆ శుభ్రం మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ప్లాటు లేనివాళ్లకు కుండీలో కరివేపాకు ఉండనే ఉంది. ఆకు మీద పిట్ట రెట్ట కనిపిస్తే కడిగేయకండి, కాసేపు చూడండి. కదిలితే అది నిమ్మజాతి సీతాకోకచిలుక పిల్ల. పెద్దదై పచ్చబడ్డాక పుల్లతో మెల్లగా తాకితే, తల వెనక నుంచి రెండు పాయల ఎర్ర కొమ్ము చాచి ఘాటు వాసన కొడుతుంది. నాలుగైదు చేరాయంటే మొక్క బోడిదవుతుంది. మళ్లీ చిగురు వేసేదాకా చారులోకి కరివేపాకు బజారు నుంచే తెచ్చుకోవాలి.