‘మేర’ నుంచి ‘కిలోమీటరు’ దాకా: ఫలితాధారిత చెల్లింపు - విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: కూలి, గుత్త, మేర, ఆయగాండ్రు, అద్దె బస్సు, కొలమానం.

1. ఉపోద్ఘాతం

వస్తువుకు కాక, దానివల్ల వినియోగదారునికి చేకూరే ఫలితానికి వెలకట్టే పద్ధతిని నేటి వాణిజ్యశాస్త్రం ఆధునిక ఆవిష్కరణగా పేర్కొంటున్నది. 1962లో బ్రిటన్‌లో విమాన ఇంజన్ల నిర్వహణకు ఎగిరిన గంటల లెక్కన రుసుము నిర్ణయించడాన్ని దీనికి తొలి ఉదాహరణగా చూపుతారు. తెలుగు వ్యవహారాన్ని పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు.

2. పదాలలోని విచక్షణ

రోజు పనికి ఇచ్చేది కూలి. పని మొత్తానికి మాట్లాడుకొనేది గుత్త. వడ్రంగి, కమ్మరి మొదలైన ఆయగాండ్రకు పంట కళ్లంలో కొలిచి ఇచ్చేది మేర. నాగలి ఎన్నిసార్లు విరిగింది, కర్రుకు ఎన్నిసార్లు పదును పెట్టారు అన్న లెక్క మేరలో లేదు. ఏడాది పొడవునా సేద్యం ఆగకుండా సాగడమే వారు అందించిన ఫలితం.

అయితే దీనిని స్వయంపోషక గ్రామానికి చిహ్నంగా మాత్రమే కీర్తించడం అసమగ్రం. వానలు లేని ఏడు పనిముట్లు సరిగానే ఉన్నా మేర తగ్గేది. కొలిచే కుంచం రైతు చేతిలో ఉండేది. మరో వృత్తికి పోదామంటే కులం అడ్డుపడేది.

3. తార్నాక దారిలో

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాకలో బస్సు కోసం నిలుచున్న విద్యార్థికి ఆర్టీసీ సొంత బస్సుకూ అద్దె బస్సుకూ తేడా పట్టదు. ఒప్పందంలో మాత్రం తేడా పెద్దది. అద్దె బస్సును సంస్థ కొనదు; అది తిరిగిన కిలోమీటర్లకు యజమానికి చెల్లిస్తుంది. 2019లో హైదరాబాదులో ప్రవేశపెట్టిన 40 ఎలక్ట్రిక్ బస్సులకూ ఇదే పద్ధతి. బస్సు చెడి ఆగిపోతే నష్టం యజమానిది. టికెట్ల రాబడి సంస్థది కనుక సీట్లు ఖాళీగా ఉంటే నష్టం సంస్థది. మేర పద్ధతిలో పంట నష్టాన్ని వృత్తిదారుడూ మోశాడు. ఇక్కడ ప్రయాణికులు తగ్గిన నష్టమంతా ప్రజాసంస్థపైనే పడుతున్నది. విద్యార్థి కోరే ఫలితం తరగతికి వేళకు చేరడం. చెల్లింపుకు ఆధారం కిలోమీటరు.

4. ముగింపు

ఈ పద్ధతి ప్రాచీనమా, నవీనమా అని తేల్చడం కన్నా ఫలితాన్ని ఎవరు నిర్వచిస్తున్నారు, ఎవరు కొలుస్తున్నారు, నష్టాన్ని ఎవరు మోస్తున్నారు అని అడగడం ముఖ్యం. న్యాక్ మూల్యాంకనం కోసం పాఠ్యక్రమ ఫలితాలను ముందే రాసిపెడుతున్న విశ్వవిద్యాలయాలకూ ఈ ప్రశ్నలు వర్తిస్తాయి. కొలతకు అందినదే ఫలితమని అంగీకరిస్తే, పద్యం చదివిన విద్యార్థిలో కలిగిన స్పందన లెక్కలోకి రాదు. ఆ లోటును అధ్యాపకుని వైఫల్యంగా చూపే ప్రమాదమూ ఉన్నది.