తోక అనే మాట

పాఠశాలలో పిల్లలు ఒకరినొకరు ఏడిపించుటను చిత్రించిన నవల, భాష నేర్చుకొనువానికి నిఘంటువు ఈయలేనిదానిని ఈయగలదు. ఆర్. కె. నారాయణ్ తొలి నవల ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ ఇందుకు మంచి నిదర్శనము. 1935లో ప్రకటితమైన ఈ ఆంగ్ల నవలలోని మాటలు చాల వరకు సులభములు. అయినను, సులభమైన మాటయే ఎంత లోతుగా నాటుకొనునో ఇందు తెలియును.

మాల్గుడి పాఠశాలలో తోటి బాలురను భయపెట్టువాడు మణి. పోలీసు సూపరింటెండెంటు కుమారుడైన రాజం క్రొత్తగా వచ్చి అతనికి ఎదురు నిలుచును. నది ఒడ్డున పోరుటకు వెళ్లిన ఆ యిద్దరును మిత్రులై మరలుదురు. దెబ్బల భయము అంతటితో తీరినది. అసలు గాయము తరువాత తగులును. రాజంతో చేరినందుకు స్వామినాథుని పాత మిత్రులు ‘తోక’ అని వెక్కిరింతురు. ఆ మాట నల్లబల్లకును ఎక్కును. అది చూచి స్వామి వారిపై చేయిచేసుకొనగా పెనుగులాట జరుగును. నిన్నటి స్నేహము నేడు లేదు.

తోక అనగా నేమో ఆంగ్లము నేర్చు బాలునికి మొదటి వాచకముననే తెలియును. తనకంటూ ఒక ఉనికి లేక మరొకరిని అంటిపెట్టుకొని తిరుగువాడు అను రెండవ అర్థము మాత్రము స్వామి మనఃక్లేశముతో కలిసి వచ్చును. అట్లు వచ్చిన మాట మరపునకు రాదు.

ఆ బాలురలోనే శామ్యూల్ అను పొట్టివానికి ‘బఠాణీ’ అని పేరు. అదియు ఎగతాళిగా పెట్టినదే. కాని అందు ఆప్యాయత కలదు. ఆ బఠాణీయే స్వామిని వెక్కిరించువారిలో ఒకడు. రెండును చిన్న మాటలే. ఒకటి పిల్లవానిని గుంపులో చేర్చుకొన్నది, రెండవది గుంపునుండి వెలివేసినది. ఈ భేదమును ఏ నిఘంటువు చెప్పగలదు?

అనువాదకునికి పరీక్ష ఇక్కడనే. హిందీలో ‘పుఛల్లా’ అను మాట గాలిపటపు తోకకును, ఒకరి వెంట వ్రేలాడుచు తిరుగువానికిని చెల్లును. తోకవలె వెంట తిరుగుట తెలుగువారును ఎరిగినదే. ఈ మాటలను విడిచి ‘అనుచరుడు’ అని వ్రాసినచో అర్థము చెడదు. కాని ఆ మాటకు ఏ పిల్లవాడును కంట తడిపెట్టడు. గ్రాంథిక గౌరవము కొరకు పిల్లల మాటను పెద్దల మాటగా మార్చినచో, స్వామి దుఃఖము పాఠకునికి అకారణముగా తోచును.

ఆంగ్లములో ‘బుల్లీ’ అను మాట చేయువానిని పేర్కొనును. తెలుగులో ‘ఏడిపించుట’ అన్నప్పుడు పడువాని కన్నీరు ఆ మాటలోనే కనిపించును. ఈ నవల చదివి క్రొత్త మాటలు నేర్చిన బాలుడు, వాటిలో ఏది తోటివానిపై విసరరాదో కూడ నేర్చినచో, ఆ చదువు సార్థకము.