సరి–బేసి

కోడింగ్ క్లాసుకు నేను తీసుకెళ్లేది 36 శుభలేఖ ముక్కలు. ఒకవైపు ఎరుపు, రెండోవైపు తెలుపు ఉన్న పాత శుభలేఖల్ని కత్తిరించి దాచుకున్నవి.

ఆట నాది కాదు. న్యూజిలాండ్‌లోని క్యాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, మరో ఇద్దరితో కలిసి 1990లలో ‘సీఎస్ అన్‌ప్లగ్డ్’ పేరుతో ఇలాంటి పాఠాలు కూర్చారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కరెంటు పోయినా పాఠం ఆగదు.

ఒకరిని పిలిచి 25 ముక్కల్ని అయిదేసి చొప్పున అయిదు వరుసల్లో నచ్చినట్టు పరచమంటాను. “ఇంకాస్త కష్టం చేద్దాం” అంటూ పక్కన ఒక నిలువు వరుస, కింద ఒక అడ్డ వరుస నేనే చేరుస్తాను. ఎటు లెక్కపెట్టినా ఎర్రవి సరిసంఖ్యలో వచ్చేలా చేర్చానన్న సంగతి మాత్రం చెప్పను. నేను గోడవైపు తిరగ్గానే ఎవరో ఒక ముక్కను తిప్పేస్తారు. బేసి అయిన అడ్డ వరుసా, నిలువు వరుసా కలిసేచోట వేలు పెడతాను. క్లాసంతా గోల.

మొదటి ఏడాది ఆ గోల ఆగకముందే “దీన్ని పారిటీ అంటారు” అని బోర్డు మీద రాసేశాను. పిల్లలు నోటు పుస్తకాల్లో ఎక్కించుకున్నారు, అంతటితో సరి. ఇప్పటికీ అది తలచుకుంటే బాధే. చింతపిక్కలతో సరి–బేసి ఆడే పిల్లలు వాళ్లు! రెండు రోజులు వదిలేస్తే వాళ్లే పట్టేవారు. పాఠాలు ఎక్కడైనా దొరుకుతాయి, నోరు కట్టుకోవడం మాత్రం క్లాసులో నిలబడి నేర్చుకోవలసిందే.

గుట్టు తెలిశాక ఆధార్ సంగతి చెబుతాను. ఆ 12 అంకెల్లో చివరిది కాపలా అంకె, ముందున్న పదకొండింటిని బట్టి లెక్కగట్టి పెట్టింది. ఎక్కడైనా ఒక్క అంకె తప్పు కొడితే లెక్క కుదరదు.

మొన్న ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది, “రెండు తిప్పితే సార్?” జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. తిప్పి చూడమన్నాను. తప్పు జరిగిందని తెలుస్తోంది, ఏ రెండో తేలడం లేదు. బెల్లు కొట్టినా ఆ పిల్ల లేవలేదు. కాసేపటికి పిలిచింది.

“ఇప్పుడు కనుక్కోండి సార్. నాలుగు తిప్పాను.”

అడ్డంగా లెక్కపెట్టాను. నిలువుగా లెక్కపెట్టాను. అన్నీ సరే. తను నవ్వుతూ నాలుగు ముక్కల మీదా వేలు పెట్టి చూపించింది, దీర్ఘచతురస్రం నాలుగు మూలలూ.